కటౌట్ పెట్టె నుంచి సోలార్ బోర్డు దాకా

కొండల మీది మా ఊరు ముంచింగిపుట్టుకు కరెంటు స్తంభాల కంటే ముందే ఓల్టేజి రెగ్యులేటరు వచ్చిందని నా నమ్మకం. జీపు బానెట్ కింద, లారీ బానెట్ కింద కూర్చుని ఘాట్ రోడ్డెక్కి వచ్చింది. అరచేతిలో పట్టేంత పెట్టె, నల్లటి మూత, నాలుగైదు స్క్రూలకు బిగించిన వైర్లు. మెకానిక్కులు దాన్ని కటౌట్ అనేవారు. ఈ ఊళ్లో రేడియోలు, టీవీలు, చార్జర్లు బాగుచేస్తూ ఇల్లు గడుపుకున్న నాకు తొలి పాఠం ఆ పెట్టె దగ్గరే. పాడేరులో మా మావయ్య జీపులకు కరెంటు పని చేసేవాడు. నేను ఆయనకు స్పానర్లు అందిస్తూ నేర్చుకున్నాను.

మూత తీస్తే లోపల రాగి తీగ చుట్టిన కాయిల్స్ కనిపిస్తాయి. ఒకటి ఓల్టేజిది, ఒకటి కటౌట్‌ది. పెద్ద బళ్లకు కరెంటు కోసం మూడోది కూడా ఉండేది. ఓల్టేజి కాయిల్ మీద స్ప్రింగు పట్టిన చిన్న రేకు, దాని కొసన పాయింట్లు. డైనమో ఓల్టేజి హద్దు దాటగానే కాయిల్ ఆ రేకును లాగుతుంది. పాయింట్లు విడిపోతాయి, డైనమో ఫీల్డు దారిలోకి ఒక రెసిస్టెన్సు వచ్చి చేరుతుంది, ఓల్టేజి పడుతుంది. పడగానే రేకు మళ్లీ అతుక్కుంటుంది. సెకనుకు పదుల సార్లు ఇదే పని. ఇంజను నడుస్తుండగా పెట్టె మీద వేలు ఆనిస్తే సన్నగా జివ్వుమనేది. మధ్యస్థంగా తెరుచుకుని ఉండటం దానికి తెలియదు. పూర్తిగా కలపడం, పూర్తిగా విడదీయడం, అంతే. ఈ రెండింటి మధ్య కాలాన్ని పంచి సగటున సరైన ఓల్టేజి రాబట్టడం దాని విద్య. ఇప్పుడు సెల్‌ఫోను చార్జరులో ఐసీ చేసేది కూడా సరిగ్గా ఇదే, సెకనుకు లక్ష సార్లకు అటూఇటూగా.

రెండో కాయిల్, అంటే అసలు కటౌట్, నన్ను ఇంకా ఎక్కువ ఆకట్టుకుంది. ఇంజను స్టార్టు చేసిన మరుక్షణం డైనమో ఓల్టేజి సున్నా నుంచి మెల్లగా లేస్తుంది. ఆ వేళలో దాన్ని బ్యాటరీకి కలిపితే బ్యాటరీయే తిరగబడి డైనమోలోకి కరెంటు పోస్తుంది. తీగలు కాలుతాయి, బ్యాటరీ దిగిపోతుంది. అందుకని కటౌట్ ఆగుతుంది. 12 ఓల్టుల బళ్లలో లూకాస్ పద్ధతి పెట్టెలైతే 12.7 నుంచి 13.3 ఓల్టుల మధ్య ఎక్కడో టక్‌మని అతుక్కోవాలి. ఇంజను నెమ్మదించి ఓల్టేజి 8.5 నుంచి 11 మధ్యకు జారినప్పుడు విడిపోవాలి. కలిసే అంకె వేరు, విడిపోయే అంకె వేరు. రెండూ ఒకటే అయితే ఆ హద్దు దగ్గర పాయింట్లు కొట్టుకుని కొట్టుకుని మాడిపోతాయి. "ఇచ్చేవాడు నిలదొక్కుకోకుండా పుచ్చుకునేవాణ్ని కలపకు రా" అనేవాడు మావయ్య. ఆయన మీటరు చూస్తూ స్ప్రింగు వంచుతుంటే నేను పక్కన నిలబడి ఆ టక్ కోసం చెవి ఒగ్గి ఉండేవాణ్ని. ఆ మాట మీదే నా పనంతా నడిచింది. ఈ కొండల్లో ఇచ్చేవాడు, అంటే కరెంటు తీగైనా సోలార్ పలకైనా, ఎప్పుడూ బలహీనుడే కాబట్టి.

మా కొండల్లో కరెంటు బలహీనమంటే బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. పక్కనే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది కదా అంటారు. ఉంది. మా వైపు మత్స్యగెడ్డ అని పిలుచుకునే ఏరు కిందికి వెళ్తూ మాచ్‌ఖండ్ అవుతుంది, ఇంకా కిందికి సీలేరు అవుతుంది, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. ఆ నీటిని జోలాపుట్ దగ్గర ఆపారు. జలాశయం నిండు మట్టం 2,750 అడుగులు, పట్టేది 34 టీఎంసీలకు పైమాట. అక్కణ్నుంచి వదిలిన నీళ్లు డుడుమ దగ్గర డైవర్షన్ డ్యాంకు చేరతాయి. అక్కడ నిండు మట్టం 2,590 అడుగులు. డుడుమ జలపాతం ఉన్న లోయలోకి గొట్టాల్లో దింపి, ఒనకఢిల్లి పవర్‌హౌస్‌లో టర్బైన్లు తిప్పుతారు. పవర్‌హౌస్ కొండ అడుగున ఉంది. సిబ్బంది వించ్‌లో కూర్చుని దిగాల్సిందే. నిటారు పట్టాల మీద ఆ పెట్టె మెల్లగా కిందికి జారుతుంటే లోయ అడుగు నుంచి యంత్రాల హోరు పైకి లేస్తుంది.

మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి తలపెట్టిన పని ఇది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసు వాటా మనకు వచ్చింది. మొదటి వాటాలు మనకు 70, ఒరిస్సాకు 30. 1955 ఆగస్టు 19న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తొలి దశలో 17 మెగావాట్ల యంత్రాలు మూడు, 1959 నాటికి అంతకంటే పెద్దవి ఇంకో మూడు. ఇప్పుడు లెక్కలో 120 మెగావాట్ల కేంద్రం. జలాశయం కింద మూడు వేల దాకా కుటుంబాలు ఊళ్లు వదిలాయి. వాళ్లలో సగానికి పైగా ఆదివాసులు. సరిహద్దుకు రెండు పక్కలా వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పటికీ ఉన్నారు. సంత రోజున నా కొట్టుకు రేడియో పట్టుకొచ్చినవాళ్లలో ఆ ముసలివాళ్లూ ఉండేవారు. మునిగిన ఊరి పేరు చెప్పేటప్పుడు ఒడియా యాసలోకి మారిపోయేవారు.

పవర్‌హౌస్‌లో యంత్రం లేవడం కూడా కటౌట్ నడిచే తీరులోనే ఉంటుంది. ముందు నీటి గేటు కొద్దిగా తెరుస్తారు. రోటరు మెల్లగా వేగం అందుకుంటుంది. వేగం సరిగ్గా వచ్చాక ఫీల్డుకు కరెంటు ఇస్తారు. అప్పుడే ఓల్టేజి పెరగడం మొదలవుతుంది. పెరిగి, నిలిచి, గ్రిడ్డు ఓల్టేజితో, గ్రిడ్డు తాళంతో కలిశాకే బ్రేకరు వేస్తారు. జలవిద్యుత్తులో ఇదంతా నిమిషాల వ్యవహారం. తొందరపడి ముందే కలిపితే షాఫ్టు మీద పడే దెబ్బకు యంత్రమే విరగొచ్చు. ఓల్టేజిని నిలబెట్టే పరికరాల చరిత్రలోనూ తొలినాళ్లలో ఈ కొట్టుకునే పాయింట్లు కనిపిస్తాయి. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో టిరిల్ అనే ఆయన చేసిన రెగ్యులేటరు జనరేటరు ఫీల్డు రెసిస్టెన్సును గబగబా కలుపుతూ విడదీస్తూ ఓల్టేజిని పట్టుకునేది. పెద్ద పెద్ద స్టేషన్లను అవే నడిపాయి. జీపు కింద జివ్వుమన్నది వాటి మనవడే.

పెద్ద లైన్లు మాత్రం సముద్రం వైపు, విశాఖ వైపు వెళ్లాయి. కొండల మీదుగా వెళ్లే టవరు లైనుకు ఊరి బల్బు నేరుగా తగిలించలేం. దానికి సబ్‌స్టేషను కావాలి, 11 కేవీ లైను కావాలి, ట్రాన్స్‌ఫార్మరు కావాలి, అక్కణ్నుంచి ఇళ్లకు తీగ కావాలి. ఇవన్నీ మాకు మెల్లగా, చాలా మెల్లగా వచ్చాయి. వచ్చినప్పుడు తీగ చివర ఉన్నాం.

తీగ చివర ఉండటమంటే ఏమిటో లెక్కలో చెప్తాను. ఊళ్లకు వేసే సన్న రకం అల్యూమినియం తీగకు కిలోమీటరుకు 1.4 ఓమ్‌ల దాకా రెసిస్టెన్సు ఉంటుంది. పోవడానికి ఒక తీగ, రావడానికి ఒక తీగ కాబట్టి కిలోమీటరు దూరపు ఇంటికి 2.8 ఓమ్‌లు. సాయంత్రం అందరూ వాడుతున్నప్పుడు 20 ఆంపియర్లు నడిస్తే 56 ఓల్టులు తీగలోనే పోతాయి. 230తో బయలుదేరింది ఇంటికి 174గా చేరుతుంది. అంతకు ముందు 11 కేవీ లైనులో పోయింది దీనికి అదనం. అప్పట్లో అమల్లో ఉన్న 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సు ప్రకారం ఇంటికిచ్చే ఓల్టేజి అటూ ఇటూ 6 శాతం దాటకూడదు. 230కి అంటే 216 నుంచి 244 దాకా. దీపాలు పెట్టే వేళ నా మీటరు 160 చూపించిన రోజులు మామూలే. అర్ధరాత్రి ఊరు నిద్రపోయాక అదే మీటరు 240కి లేచేది. అంటే మాకు రెండు కష్టాలు. ఓల్టేజి తక్కువ కావడం ఒకటి, ఎప్పుడెంతుంటుందో తెలియకపోవడం ఇంకొకటి.

తీగ రాని కాలంలో ఊరికి పాట వచ్చింది బ్యాటరీ రేడియోల్లో. వాటిలో వాల్వు సెట్లను నేను పని నేర్చుకుంటున్నప్పుడే చూశాను, అప్పటికే పాతబడి మూలన పడి ఉండేవి. వాల్వుకు వందకు పైగా ఓల్టులు కావాలి, బ్యాటరీ ఇచ్చేది ఆరు. మధ్యలో వైబ్రేటరు ఉండేది. అల్యూమినియం డబ్బా, లోపల ఒక నాలుక, ఆ నాలుక కొట్టుకుంటూ ఆరు ఓల్టులను ముక్కలు చేసి ట్రాన్స్‌ఫార్మరుకు అందిస్తే అవతల వంద దాటి వచ్చేది. స్విచ్చు వేస్తే తేనెపట్టు కదిలినట్టు చప్పుడు. స్విచ్చింగు సప్లై అన్న మాట ఎవరూ అనకముందే మన పంచాయతీ అరుగుల మీద స్విచ్చింగు సప్లై మోగింది.

ఆ సెట్లలో ఇప్పటివాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. స్విచ్చు వేసిన క్షణంలో వైబ్రేటరు సిద్ధం, వాల్వులు మాత్రం ఇంకా చల్లగా ఉంటాయి. పుచ్చుకునేవాడు లేడు కాబట్టి అవతలి ఓల్టేజి మామూలు కంటే బాగా పైకి లేచేది. వాల్వులు వేడెక్కి కరెంటు లాగడం మొదలయ్యాక తన చోటికి దిగేది. వాల్వులు వేడెక్కేలోపు తక్కువ రకం కండెన్సర్లు పేలిపోయేవి. రెక్టిఫయరుగా కూడా మెల్లగా వేడెక్కే వాల్వును పెట్టిన సెట్లలో ఈ బాధ లేదు, అన్నీ ఒకేసారి లేచేవి. ఔట్‌పుట్ ఎంత అన్న ప్రశ్నతో పాటు ఎప్పుడు, ఎంత నెమ్మదిగా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలని వాల్వు రేడియో చేసినవాళ్లకు తెలుసు. 1963లో విశాఖ ఆకాశవాణి మొదలయ్యాక ట్రాన్సిస్టర్ రేడియోలు వచ్చి, టార్చిలైటు సెల్లు నాలుగు వేస్తే చాలన్నాక, ఆ విద్య ఇక్కడ చాలా ఏళ్లు ఎవరికీ అవసరం పడలేదు.

మళ్లీ అవసరం పడింది టీవీలు వచ్చాక. నలుపు తెలుపు సెట్లలో సప్లై పాత పద్ధతి. ట్రాన్స్‌ఫార్మరు 230ని దించుతుంది, ఒక లావాటి ట్రాన్సిస్టరు మిగిలినదాన్ని వేడిగా తగలేసి 12 ఓల్టులు ఇస్తుంది. తగలేయడానికి మిగులు ఉన్నంతసేపే అది రెగ్యులేటరు. 170కి దిగితే మిగులుండదు, బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయి మధ్యలో చిన్న పలకయ్యేది. అందుకే ప్రతి టీవీ కింద ఒక స్టెబిలైజరు. లోపల ట్యాపింగులున్న ట్రాన్స్‌ఫార్మరు, వాటిని మార్చే రిలేలు. సాయంత్రం ఆరింటికి వీధిలో నడుస్తుంటే ఇళ్లలోంచి టక్, టక్ వినిపించేది. తక్కువ రకాల్లో కలిసే అంకె, విడిపోయే అంకె దగ్గర దగ్గరగా పెట్టేవారు. హద్దు దగ్గర ఓల్టేజి ఊగితే రిలే ఆగకుండా కొట్టుకునేది. నేను ప్రిసెట్ తిప్పి ఆ రెంటి మధ్య ఎడం పెంచేవాణ్ని. ఫ్రిజ్ స్టెబిలైజర్లలోనైతే కరెంటు వచ్చిన మూడు నిమిషాల దాకా ఔట్‌పుట్ ఇవ్వని ఏర్పాటు ఉంటుంది, కంప్రెసరులో గ్యాసు ఒత్తిడి సమం కావడానికి. "అన్నా, కరెంటొచ్చినా పెట్టి ఎలగట్లేదు, పాడయింది" అని మోసుకొచ్చేవారు. బెంచి మీద పెట్టి, మాటల్లో పెట్టి కూర్చోబెడితే దానంతటదే వెలిగేది. డబ్బులు తీసుకోలేదు.

కలరు టీవీలతో అసలు మార్పు వచ్చింది. వెనక రేకు మీద 90 నుంచి 270 ఓల్టులని ముద్ర. స్టెబిలైజరు అక్కర్లేదు. లోపల ఎస్‌ఎంపీఎస్. ప్రపంచంలో ఈ స్విచ్చింగు సప్లైకి దారి వేసినవాళ్లు కొందరున్నారు. 1976లో బాబ్ మమానో సిలికాన్ జనరల్ కంపెనీలో ఎస్‌జీ1524 అనే కంట్రోలు ఐసీ చేశాడు. కలపడం, విడదీయడం, ఎంతసేపు కలిపి ఉంచాలో తేల్చడం మొత్తం ఒక చిప్పులోకి వచ్చింది. 1977లో యాపిల్-2 కంప్యూటరుకు రాడ్ హోల్ట్ చేసిన సప్లై కూడా స్విచ్చింగు పద్ధతిదే. 1980లలో యూనిట్రోడ్ వాళ్ల యూసీ3842 వచ్చింది. ఆ ఎనిమిది కాళ్ల ఐసీని, దాని నకళ్లను నేను ఎన్ని మార్చి ఉంటానో.

దాన్ని లేపడం ఒక చూడదగ్గ పని. బోర్డును నేరుగా ప్లగ్గులో పెట్టను. మధ్యలో వంద వాట్ల బల్బును సిరీస్‌లో వేస్తాను. స్విచ్చు వేయగానే బల్బు భగ్గున వెలిగి వెంటనే మసకబారుతుంది. అది పెద్ద కండెన్సరు నిండటం. తర్వాత ఏమీ జరగనట్టు ఉంటుంది. ఆ నిశ్శబ్దంలోనే పని జరుగుతోంది. ఐసీకి సొంత తిండి కావాలి, దాన్ని వడ్డించే చుట్టు ట్రాన్స్‌ఫార్మరులోనే ఉంది, ఐసీ నడిస్తే గాని ఆ చుట్టులో కరెంటు పుట్టదు. ఈ చిక్కు విడదీయడానికి పెద్ద ఓల్టేజి నుంచి లక్ష ఓమ్‌ల లాంటి రెసిస్టరు ఒకటి చిన్న కండెన్సరును బొట్టుబొట్టుగా నింపుతుంది. అందులో 16 ఓల్టులు చేరేదాకా ఐసీ కదలదు. 16 చేరగానే లేచి కొట్టడం మొదలుపెడుతుంది, చుట్టు నుంచి తిండి అందుకుంటుంది. 10 కిందికి జారితే ఆగిపోతుంది. 16కి కలవడం, 10కి విడిపోవడం. మొదటిసారి ఈ అంకెలు చదివినప్పుడు మావయ్య కటౌట్ స్ప్రింగు నా కళ్లముందు కనిపించింది.

ఆ నింపడానికి ఎంతసేపో లెక్క కట్టొచ్చు. కండెన్సరు 100 మైక్రోఫారడ్లు అనుకుందాం, ఐసీ లేవకముందు అర మిల్లీఆంపియరు తింటుందనుకుందాం. 230 ఓల్టుల దగ్గర లోపలి డీసీ 325, లేవడానికి 0.6 సెకను. 140 దగ్గర డీసీ 198, లేవడానికి 1.1 సెకను పైన. 90 దగ్గర రెండు సెకన్లు దాటుతుంది. అదే టీవీ పట్నంలో వెంటనే, మా కొండ మీద కాసేపాగి వెలగడానికి కారణం ఇదే. లోపం కాదది. ఆ చిన్న కండెన్సరు ఎండిపోయినప్పుడు మాత్రం ఐసీ 16కి లేచి, తిండి అందేలోపే 10కి పడిపోయి, మళ్లీ నిండి, మళ్లీ పడి, టిక్, టిక్ అంటూ ఉంటుంది. అలా మూలిగే సెట్టుకు ఐసీలు, ట్రాన్సిస్టర్లు మార్చి వందలు గుంజిన మెకానిక్కులున్నారు. కావలసింది మూడు రూపాయల కండెన్సరు. ఈ సంగతి నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి కుర్రాడికీ ముందు చెప్పాను.

ఎస్‌ఎంపీఎస్ మేలుతో పాటు ఒక చిక్కునూ తెచ్చింది. పాత బల్బు ఓల్టేజి పడితే తక్కువ కరెంటు లాగి మసకగా వెలుగుతుంది, తీగకు బరువు తగ్గుతుంది. ఎస్‌ఎంపీఎస్ అలా తగ్గదు. దాని ఔట్‌పుట్ మారకూడదు కదా, ఓల్టేజి పడిన కొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఊరంతా అలాంటివే అయితే పడే ఓల్టేజి ఇంకా పడుతుంది. సెల్ టవర్లు కట్టినవాళ్లు ఈ సంగతి తెలిసే 48 ఓల్టుల రెక్టిఫయర్లలో వాక్-ఇన్ అనే ఏర్పాటు పెట్టారు. డీజిలు జనరేటరు లేచాక రెక్టిఫయరు బరువును ఒక్కసారిగా దాని మీద వేయదు, సెకన్ల కొద్దీ కాలం తీసుకుని కొంచెం కొంచెంగా ఎత్తుకుంటుంది. లేకపోతే జనరేటరు ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది.

2004 డిసెంబరులో దూరదర్శన్ ఉపగ్రహ ప్రసారం డీడీ డైరెక్ట్ ప్లస్ మొదలయ్యాక కొండ అడ్డుందని బాధపడే ఊళ్లకు కూడా బొమ్మ వచ్చింది. ఆ డిష్ గొడుగులు మా ఏజెన్సీలో ఎంత మారుమూలకు వెళ్లాయో చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. అక్కడా కథంతా ఓల్టేజిదే. సెట్‌టాప్ బాక్సు గొడుగు తలకు తీగలోంచి 13 ఓల్టులు పంపితే ఒక రకం చానళ్లు, 18 పంపితే ఇంకో రకం. బాక్సులో ఆ 18ని పుట్టించే చిన్న కన్వర్టరు నీరసిస్తే, లేదా ఇంటి నుంచి గొడుగు దాకా తీగ మరీ పొడవైతే, 18 మీద వచ్చే చానళ్లు మాయం. "సగం బొమ్మలు కొండ మింగేసింది" అనేవారు. మీటరు పెట్టి 18 ఉందో 15 ఉందో చూస్తే ఏ కొండ మింగిందో తెలిసిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి మా మీదుగా వెళ్లింది. కాఫీ తోటల మీద సిల్వర్ ఓక్ చెట్లు పడిపోయాయి, స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగాయి. ఆ రోజుల్లో నేను జీపు బ్యాటరీ ఒకటి, చిన్న సోలార్ పలక ఒకటి, ఓల్టేజిని దించే ఎల్‌ఎం2596 బోర్డులు కొన్ని కొట్టు ముందు బల్ల మీద పెట్టి ఫోన్లు చార్జింగు చేశాను. తమ్ముడు బతికున్నాడో లేదో కనుక్కోవడానికి ఒక తల్లి డుంబ్రిగుడ వైపు నుంచి నడిచొచ్చింది. ఆ బల్ల దగ్గర నేర్చుకున్నది ఆ తర్వాత సోలార్ పని మొత్తానికి నాకు ఆధారమైంది.

ఎల్‌ఎం2596 మంచి ఐసీ. 40 ఓల్టుల దాకా తీసుకుంటుంది, 3 ఆంపియర్లు ఇస్తుంది, సెకనుకు లక్షా యాభై వేల సార్లు కొట్టుకుంటుంది. బ్యాటరీ మీద హాయిగా నడిచింది. నేరుగా పలక మీద, పొద్దున మంచులో పెడితే వింతగా ప్రవర్తించింది. ఫోను చార్జింగు గుర్తు వచ్చి పోతుంది, వచ్చి పోతుంది. లెక్క ఇది. ఫోన్లకు 5 ఓల్టులు, 2 ఆంపియర్లంటే 10 వాట్లు. దారిలో పోయేది కలుపుకుని లోపలికి 12.5 వాట్లు కావాలి. పలక 17 ఓల్టులు ఇస్తుంటే 0.74 ఆంపియరు చాలు. 12కి పడితే 1.04 కావాలి, 8కి పడితే 1.56. ఇరవై వాట్ల పలక మండుటెండలో కూడా అంత ఇవ్వలేదు, మంచులో 0.2 ఇస్తే గొప్ప. బరువు లేనప్పుడు మాత్రం అదే పలక మంచులోనూ 17, 18 ఓల్టులు చూపిస్తుంది. ఐసీ అది చూసి లేస్తుంది, లాగుతుంది, పలక కుప్పకూలుతుంది, ఐసీ పడిపోతుంది, బరువు పోయింది కాబట్టి పలక మళ్లీ 18కి లేస్తుంది. ఆ రోజంతా అలాగే.

ఐసీ తయారుచేసినవాళ్లు దీనికి దారి చూపించే ఉన్నారు. అయిదో కాలు ఆన్-ఆఫ్. అక్కడ ఒక కండెన్సరు, ఒక రెసిస్టరు పెడితే ఇన్‌పుట్ వచ్చాక కాసేపు ఆగి లేస్తుంది. కరెంటు తక్కువిచ్చే సప్లైల మీద ఇది పనికొస్తుంది, ఐసీ లాగడం మొదలుపెట్టేలోపు ఇన్‌పుట్ పూర్తిగా లేస్తుంది కాబట్టి. సోలార్‌కు మాత్రం ఇది చాలదు. కాలం చూసి ఆగడం వేరు, మట్టం చూసి ఆగడం వేరు. ఫ్రిజ్ స్టెబిలైజరు మూడు నిమిషాలు లెక్కపెట్టి కలుపుతుంది, దానికి కాలమే ముఖ్యం. కటౌట్ గడియారం చూడదు, ఓల్టేజి చూస్తుంది. మంచు ఎప్పుడు విడుస్తుందో ఏ కండెన్సరుకూ తెలియదు. అందుకని అదే కాలికి జెనర్ డయోడు, ట్రాన్సిస్టరు పెట్టి, ఇన్‌పుట్ ఫలానా అంకె దాటితేనే లేచేలా, దాని కంటే బాగా కిందికి జారితేనే పడేలా కట్టాలి. పలక దగ్గర పెద్ద కండెన్సరో చిన్న బ్యాటరీయో ఉంటే ఇంకా నిలకడ.

లేచే తీరు కూడా చూసుకోవాలి. లేచిన క్షణంలో అవతలి కండెన్సరు ఖాళీ. ఫీడ్‌బ్యాక్ సున్నా చెప్తుంది, ఐసీ ఉన్న బలమంతా పెట్టి తోస్తుంది, 5 దగ్గర ఆగాల్సింది దాటి పైకి పోయి మళ్లీ దిగుతుంది. బరువు లేనప్పుడు ఈ ఎగురు ఎక్కువ. నేను ఫోను తగిలించి బోర్డుకు స్విచ్చు వేయను. బోర్డు లేచి 5 దగ్గర నిలిచాక ఫోను తగిలిస్తాను. ఎల్‌ఎం2599లో మెల్లగా లేపే సాఫ్ట్‌స్టార్ట్‌కు వేరే కాలు ఉంది, ఔట్‌పుట్ సరిగ్గా వచ్చిందని చెప్పే కాలు కూడా ఉంది. ధర కాస్త ఎక్కువ.

2017 సెప్టెంబరులో సౌభాగ్య పథకం మొదలైంది. తీగ చేరలేని ఇళ్లకు 200 నుంచి 300 వాట్ల పలక, బ్యాటరీ, అయిదు ఎల్‌ఈడీ దీపాలు, ఒక డీసీ ఫ్యాను, ఒక డీసీ ప్లగ్గు ఇవ్వాలన్నది అందులో ఉన్న మాట. బ్యాటరీ ఉన్న ఏర్పాటుకు పొద్దుటి మంచు అంత బాధ పెట్టదు. బ్యాటరీ ముసలిదయ్యాకే పాత రోగం తిరగబెడుతుంది. అప్పుడు బ్యాటరీ కూడా బలహీనుడే. దీపం వేయగానే కూలుతుంది, తీయగానే లేస్తుంది. కంట్రోలరులో పడే అంకెకూ లేచే అంకెకూ ఎడం తక్కువుంటే రాత్రంతా దీపాలు మిణుకుమంటాయి. ఇంట్లోవాళ్లు దీపాన్ని తిడతారు.

కొండ మీదికి వచ్చే సరుకు చేసేవాళ్లను నేను అడిగేది ఒకటే. మీ బల్ల మీద గట్టి సప్లైతో పరీక్షించి పంపకండి. పది ఓమ్‌ల రెసిస్టరు ఒకటి సిరీస్‌లో వేసి, ఇన్‌పుట్‌ను మెల్లగా, నిమిషాల మీద, సున్నా నుంచి పైకి ఎత్తి చూడండి. మళ్లీ అంతే మెల్లగా దించి చూడండి. ఎక్కడ లేస్తోందో, ఎక్కడ పడుతోందో, మధ్యలో కొట్టుకుంటోందో రాసుకోండి. ఆ ఎడం డబ్బా మీద అచ్చు వేయండి. ఇప్పుడు వచ్చే చౌక బోర్డుల్లో చాలావాటికి ఆ భాగమే లేదు. నా దగ్గరికి వచ్చినవాటికి అయిదో కాలు దగ్గర జెనర్, ట్రాన్సిస్టరు, రెండు మూడు రెసిస్టర్లు నేనే వేసి, 13 దగ్గర లేచి 10 దగ్గర పడేలా సరిచూసి పంపుతున్నాను. సామాను ఖర్చు పది రూపాయలకు మించదు, అతకడానికి పావుగంట పడుతుంది.